హయాత్ గాలిబండి

దర్శి పక్కన మా ఊళ్లో హయాత్‌ని ఎవరూ పిచ్చోడు అనేవాళ్లు కాదు. ఆ మాట అనే హక్కు తనొక్కదానిదేనని అతని భార్య కరీమున్ ఊరందరికీ చెప్పేసింది.

తొక్కకుండా, ఎద్దు లేకుండా, తనంతట తాను పోయే బండి చేయాలని అతని పంతం. మోపెడ్ ఉంది కదరా అంటే, "అది చక్రాన్ని తిప్పుద్ది. నాది బండినే తోసుద్ది" అనేవాడు. మొదట సౌండు బాక్సులోని అయస్కాంతాన్ని కర్రకు కట్టి, ఇనప రిక్షా ముందు వేలాడదీసి ఎక్కి కూర్చున్నాడు. అయస్కాంతం బండిని లాగింది, బండి అయస్కాంతాన్ని అంతే లాగింది. మధ్యలో కర్ర వంగింది తప్ప ఏమీ కదల్లేదు. తప్పంతా కర్రదేనన్నాడు.

కంది, మినుము తూర్పారపట్టే ఇంజను ఫ్యానును అద్దెకు తిప్పడం అతని బతుకుతెరువు. గాలి ఎటు కొడితే పొట్టు అటు పోవడం చూసీ చూసీ, బండి కూడా అలాగే పోతుందనుకున్నాడు. రిక్షా వెనక ఫ్యాను బిగించి, ముందు తెరచాప కట్టాడు. ఆ తెరచాప కరీమున్ టార్పాలిన్. ఇంట్లో ఉన్నది అదొక్కటే. కౌలు చేలో ఆవిడ నడుం విరగ్గొట్టుకుని పండించిన మిర్చి అప్పుడే కళ్లంలో ఆరబోసి ఉంది. తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే ఏడాది కష్టం పోతుంది.

ఆ కళ్లం పక్కనే ఊరంతా చూస్తుండగా బండెక్కి కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. తెరచాప పొంగింది. బండి కదల్లేదు.

"ఏమయ్యా హయాత్, బండిలో కూర్చుని దాని నొగనే తోస్తే బండి కదులుతుందా? ఫ్యాను తోసిన గాలిని నీ తెరచాపే ఆపుతోంది" అన్నారు శేషాచలం మాస్టారు.

"ఇంకాస్త స్పీడు పెంచుతా చూడండి మాస్టారూ!"

ఇంతలో పడమట మబ్బు కమ్మింది.

"ఏమయ్యా, టార్పాలిన్ విప్పు" అంది కరీమున్.

"కాస్తాగవే, కదిలేట్టుంది!"

మొదటి చినుకు పడింది. కరీమున్ కొడవలి తెచ్చి తాళ్లు తెగ్గోసి, టార్పాలిన్ లాక్కుపోయి మిర్చి మీద పరిచింది.

అడ్డు తొలగిన గాలి, పక్కన ఏరి పోసిన తాలుకాయల్ని, ఘాటునీ మా మొహాన కొట్టింది. ఊరంతా తుమ్ముతుంటే బండి కదిలింది, వెనక్కి! జీవితమంతా కలగన్న బండి నడుస్తుంటే హయాత్ సంతోషించకుండా "ఇటు కాదే! ఇటు కాదే!" అని దాన్ని తిడుతూ దూరమైపోయాడు. పత్తికట్టె మోపుల్లో కూరుకుపోయాక గానీ ఆగలేదు. నవ్వలేక చచ్చాం. నాకైతే జాలి కూడా వేసింది.

తడిసి ముద్దయి వచ్చాడు. కరీమున్ టార్పాలిన్ అంచు మీద కూర్చుని ఉంది.

"కాయలు తడిశాయా?"

"లేదు. నీ బండి నడిచింది."

"వెనక్కి" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"సీటు తిప్పి బిగించుకో, అదే ముందవుద్ది. ఎంత దూరమన్నా పో. టార్పాలిన్ మాత్రం అడక్కు" అంది కరీమున్.