బంతిపూల దండలూ, నాన్న నీళ్ల డ్యూటీ

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, భిలాయిలో డిప్లొమా మొదటి ఏడాది పాసైన ప్రతివాడికీ లోకంలోని యంత్రాలన్నీ తన చుట్టాలేనని నమ్మకం. నాకు మరీనూ. మా నాన్న స్టీలు ప్లాంటులో, ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర పనిచేసేవారు. ఏం పనని అడిగితే "నీళ్ల డ్యూటీరా" అనేవారు. ఆ మాట స్నేహితులకు చెప్పడానికి నాకు మహా నామోషీగా ఉండేది (మొక్కలకు నీళ్లు పోస్తారనుకుంటారేమోనని).

ఏడాదికొక్కసారి, విశ్వకర్మ పూజనాడు, ఇంట్లోవాళ్లను ప్లాంటు లోపలికి రానిచ్చేవారు. కొడుకు పనిచేసే చోటు కళ్లారా చూడాలని ఆ ఏడు శ్రీకాకుళం నుంచి నాయనమ్మ వచ్చింది. మర్నాడే ఆమె తిరుగు రైలు. గేటేమో నాలుగింటికి మూసేస్తారు. నేను కోహ్కాలో ఉండే మావయ్య పాత కారు అడిగి తెచ్చి, పండగ కదా అని దాని ముందు జాలీని బంతిపూల దండలతో, అరటాకులతో, అట్ట మీద అంటించిన దేవుడి పటంతో సందు లేకుండా కప్పేశాను. గేటు ముందు బళ్ల బారులో నత్తనడకన కదులుతుండగా బానెట్ లోంచి గుప్పున ఆవిరి లేచింది. "క్యా భయ్యా, గాడీ మే హీ హవన్?" అంటూ, కారులోనే హోమం పెట్టావా అన్నట్టు నవ్వాడు వెనక స్కూటరాయన. అప్పటికి టైము మూడున్నర.

నా చదువంతా ఆ ఆవిరిలోనే కలిసిపోయింది. రేడియేటర్ మూత తిప్పబోతుంటే, గేటు దగ్గర మా కోసం నిలబడ్డ నాన్న పరుగెత్తుకొచ్చారు.

"ముట్టుకోకురా! మరిగే నీళ్లు మొహమ్మీద కొడతాయి!" అని నన్ను వెనక్కి లాగి, దండల వైపు చూశారు. "ఇదేటిరా ఇది? గాలి తగలకపోతే రేడియేటర్ లో నీళ్లు ఎలా సల్లారతాయి?"

"ఊపిరాడక సస్తంది బండి. దణ్ణమెట్టీసి తీసీరా గుంటడా," అంటూ నాయనమ్మే దండలు లాగేసింది. కారును పక్కకు తోసేసి, ఆమెను చెరో చెయ్యీ పట్టుకుని నడిపించి, ఇంకా పది నిమిషాలుందనగా గేటు దాటాం.

లోపల కరిగిన ఇనుము ఏరై పారుతోంది. నాయనమ్మ చేతులు జోడించేసింది. నాన్న మాత్రం ఫర్నేసు చుట్టూ అల్లుకున్న నీళ్ల గొట్టాల దగ్గరికి తీసుకెళ్లి, బయటికొస్తున్న ధార కింద అరచెయ్యి పెట్టారు. "ఈ నీళ్ల వేడి పెరిగిందంటే లోపలేదో తేడా వచ్చినట్టే. నీళ్లాగిపోతే ఈ గోడ నిలవదమ్మా."

నాయనమ్మ ఆ తడి చేతిని పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంత నిప్పునీ నువ్వేనేటిరా అదుపులో ఎట్టింది?" అంది. నాన్న సిగ్గుపడ్డారు. నాకైతే ఒళ్లంతా పులకరించింది. ఇన్నాళ్లూ నామోషీ పడ్డందుకు తల కూడా ఎత్తలేకపోయాను.

ఇప్పుడు పండగనాడు నా కారుకు ఒక్కటే దండ, అదీ లోపల అద్దానికి. మీ నాన్నగారు ఏం చేసేవారని ఎవరైనా అడిగితే (అడక్కపోయినా సరే) "నీళ్ల డ్యూటీ" అంటాను. ఆ తర్వాత అరగంట వాళ్లను కదలనివ్వను.