మామ కాలి బొటనవేలు

ఆ రోజుల్లో చింతామణి చుట్టుపక్కల పంటి నొప్పి వస్తే లవంగం పెట్టేవారు, తగ్గకపోతే పొగాకు, అప్పటికీ తగ్గకపోతే మురుగమల్ల దర్గాకు మొక్కు. ఈ మూడూ దాటి వచ్చినవాళ్లే నాకు మిగిలేవారు. బెంగళూరులో చదివి, బస్టాండు పక్క గదికి బోర్డు తగిలించిన కొత్త పళ్ల డాక్టర్ని నేను. 'మొండి మామ తప్పు పన్ను చూపించి పీకించుకున్నాడు' అని మా బంధువులు ఇప్పటికీ ప్రతి పెళ్లిలో నవ్వుకుంటారు. ఆయన ఇప్పుడు లేడు. అసలు జరిగింది చెప్పవలసినవాణ్ని నేనే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, బాగేపల్లి వైపు రైతు. ఆయన కూతుర్ని నాకిస్తారని ఇంట్లో అప్పుడప్పుడు అనుకునేవారు (నేను రోజూ అనుకునేవాణ్ని). ఒక ఉదయం ఆయన ఆ కూతురితోనే బస్సు దిగాడు, చేతిలో నీళ్ల చెంబు. చల్లటి నీళ్లు పుక్కిట పడితే నొప్పి ఆగుతుంది, మింగితే మళ్లీ మొదలు. పంటిలోని నరం చావుకు దగ్గరపడిందనడానికి అది గుర్తు. అంతవరకు నా చదువు బాగానే పనిచేసింది.

"యాడ మామా నొప్పి?"

"ఈ పక్కంతా ఉండాదప్పా, చెవిదాకా లాగుతాండాది. ఏ పన్నో నాకే తెలిస్తే నువ్వు సదివిందెందుకు?"

నిజమే, నరం నొప్పి ఏ పంటిదో రోగికి తెలియదు. వాపు వేరు చుట్టూ పాకాక, తట్టి చూస్తే ఆ పన్నే చెబుతుంది. పక్కపక్కనే రెండు దవడ పళ్లు పుచ్చి ఉన్నాయి. అద్దం పిడితో మొదటిదాన్ని తట్టాను.

"ఏమీ లేదప్పా" అన్నాడు మామ. కాబోయే అల్లుడి ముందు మూలిగే మనిషి కాదు. రెండోదాన్ని తట్టగానే, అంతదాకా బిగబట్టిన మూలుగు కాస్తా బయటపడింది. నేను పటకారు అందుకున్నాను.

"బావా, ముందుదాన్ని తట్టినప్పుడే నాయన కాలి బొటనవేలు మెలితిరిగిపాయ" అంది తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల.

"పన్ను ఉండేది నోట్లో, కాలిలో కాదు" అన్నాను, డాక్టరులాగా.

"అట్లయితే పీకు" అంది.

పీకాను. సాయంత్రం బస్సుకు వెళ్లిన మామ మర్నాడు పొద్దున బస్సుకే దిగాడు, అదే చెంబుతో. వెనక ఆ పిల్ల. నా బోర్డూ పెళ్లీ రెండూ ఒకే బస్సుకు వెళ్లిపోయాయనుకున్నాను. మామ మాత్రం తనే కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించాడు. "నేనే తప్పుగా చూపిస్తినని ఊర్లో చెప్పేసినాలే. లేకుంటే నీ తావుకు ఎవరొస్తారప్పా? మా పిల్ల ఏం తింటాది?"

ఆ మాటను కాదనే ధైర్యం నాకు ఇన్నేళ్లూ రాలేదు.

పోయిన నెల నా పన్నే నొప్పి పెట్టింది. నా దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు అద్దం పిడితో తట్టి, "నొప్పి ఉందా సార్?" అన్నాడు. లేదన్నాను. గోడవార కూర్చున్న మా ఆవిడ పూలు కట్టడం ఆపకుండానే అంది: "అదే పన్ను, డాక్టరప్పా. ఆయన కాలు చూడు."

అతను నా మాట వినలేదు, వంగి నా కాలి వైపు చూశాడు. మామ గుర్తొచ్చి నవ్వబోయాను కానీ, నోట్లో అద్దం ఉంది.