సీలు వేసిన పెట్టెలోంచి చప్పుడు

నమ్మితే నమ్మండి.. లేకపోతే లేదు. మా అమ్మ బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కల్పించడమే వస్తే, చివర్లో నన్ను నేను ఇలా ఇరికించుకునేదాన్ని కాదు.

మాది బోధన్. నేను పనిచేసే కంపెనీ రుద్రూర్ వైపు, ఒక సబ్‌స్టేషన్ పక్కన, బ్యాటరీ కేంద్రం కడుతోంది. పగలు ఎండతో తయారైన కరెంటును దాచిపెట్టి, చీకటి పడ్డాక లైన్లోకి పంపుతారు. ఒక్కో బ్యాటరీ పెట్టె లారీ అంత ఉంటుంది. తెల్లటి ఇనుప పెట్టెలు.. వరుసలు వరుసలుగా. చుట్టూ చెరకు తోటలు. ఊరివాళ్లతో మాట్లాడి అనుమానాలు తీర్చడం నా ఉద్యోగం.

"ఇవి పేలుతయా చెల్లె? పిల్లలున్నోళ్లం" అని అడిగేవాళ్లు.

"ఇంక తీగలే కలపలే అక్కా. ఇప్పుడవి ఉత్త ఇనుమే" అనేదాన్ని.

పోయిన చలికాలం. ఆ రోజు క్రేన్‌తో చివరి పెట్టెలు దించారు. పనయ్యేసరికి బాగా రాత్రయింది. స్కూటీ తీస్తుంటే గేటు దగ్గర పోసక్క కనబడింది. సైట్ వెనకే వాళ్ల ఇల్లు. బీడీలు చుడుతుంది. చేతిలో ఫోన్ లైటు.. కాళ్లకు చెప్పుల్లేవు.

"చెల్లె, మా ఆయన ఇంటికి రాలే. పొద్దుగూకంగ గా పెట్టెల కాడ నిలవడి సూస్తుండెనట. అండ్ల గిట్ల ఇరుక్కున్నడా ఏంది?"

ఆమె భర్త సాయిలు. మేకలు కాస్తాడు. మేం కంచె వేయకముందు ఆ బీడులోనే మేపేవాడు.

"పెట్టెలకు సీలుంటది అక్కా. మనిషి పోలేడు" అన్నాను.

అన్నానే గానీ.. నిజంగా లోపల ఉంటే? గాలి ఆడని పెట్టె అది.

వాచ్‌మన్ గంగాధర్ అన్న టార్చి పట్టుకుని ముందు నడిచాడు. మంచు కురుస్తోంది. ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. మా అడుగుల కింద కంకర చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పోసక్క నా చెయ్యి పట్టుకుంది. "నేను పేరు వెట్టి పిలవ. నువ్వు పిలువు చెల్లె."

"సాయన్నా.. ఓ సాయన్నా.."

ఏమీ లేదు. రెండో వరుసలోకి తిరిగాం. మళ్లీ పిలిచాను.

టక్..

ముగ్గురం ఆగిపోయాం.

టక్.. టక్..

గంగాధర్ అన్న టార్చి చివరి పెట్టె మీద పడింది. చప్పుడు అందులోంచే. లోపల్నుంచి. పిడికిలితో తలుపు కొట్టినట్టు.

పోసక్క పరుగెత్తుకెళ్లి ఇనుము మీద చెంప ఆనించింది. "ఆయనే.. ఆయనే చెల్లె!"

నేనూ తలుపు దగ్గరికి పోయాను. "సాయన్నా, నువ్వేనా? నువ్వయితే ఒక్కసారి ఆగు.. ఆగి కొట్టు."

చప్పుడు ఆగింది.

ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ.. అది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

టక్.

ఒక్కటే.

గంగాధర్ అన్న "యేసయ్యా" అంటూ వెనక్కి జరిగాడు. నేను మా ఇంజినీరుకు ఫోన్ చేశాను. బోధన్‌లో ఉంటాడు. రావడానికి టైం పడుతుంది. తలుపుకు నోరు దగ్గర పెట్టి అరిచాను. "భయపడకు సాయన్నా! తాళంచెవి తెస్తున్నరు. నిదానంగ ఊపిరి తీస్కో."

టక్.

ఇంజినీరు వచ్చేదాకా పోసక్క ఆ ఇనుమును నిమురుతూనే ఉంది. జ్వరం వచ్చిన పిల్లాడి వీపు నిమిరినట్టు.

ఇంజినీరు వచ్చాడు. సీలు చూశాడు. ఫ్యాక్టరీలో వేసింది.. చెక్కుచెదరలేదు. "ఇందులోకి మనిషి ఎలా పోతాడండీ?" అన్నాడు. అంటుండగానే లోపల్నుంచి టక్.. టక్.. అతని ముఖంలో రంగు పోయింది. సీలు కత్తిరించి, తాళం తిప్పి, తలుపు లాగాడు.

బ్యాటరీలు. అంతే. కింద నుంచి పై దాకా బ్యాటరీలే. నా చెయ్యి పట్టే సందు కూడా లేదు. మనిషి కాదు.. పిల్లి కూడా పట్టదు.

చప్పుడు ఆగిపోయింది. పోసక్క అలాగే నేల మీద కూలబడింది.

మిగతా పెట్టెలన్నీ తట్టి చూశాం. అన్నీ మూగగా ఉన్నాయి. చలికి ఇనుము ముడుచుకుంటే అలాంటి చప్పుళ్లు వస్తాయని ఇంజినీరు అన్నాడు. ఆ మాట అంటూ నా కళ్లలోకి చూడలేదు.

తెల్లవారాక సాయన్న దొరికాడు. ప్రాణాలతోనే. అక్కడెక్కడో, రెండు ఊళ్ల అవతల, కాలువ పక్కన మోటారు గదిలో. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పోయి, చలికి అందులో నడుం వాల్చాడట. లోపల మనిషి ఉన్నాడని తెలియక రైతు బయట తాళం వేసుకుని పోయాడు. పొద్దున నీళ్లు పెట్టడానికి వచ్చి తీశాడు.

కబురు విని నేనూ వాళ్లింటికి పోయాను. సాయన్న మంచంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పిడికిళ్లు కమిలిపోయి ఉన్నాయి. రాత్రి పెట్టె దగ్గర జరిగిందేదీ ఆయనకు ఇంకా చెప్పలేదంది పోసక్క.

నన్ను చూసి సాయన్న గ్లాసు కింద పెట్టాడు. కోపం లేదు. మనసు నొచ్చుకున్నట్టు చూశాడు.

"రాత్రంత తలుపు కొట్టిన చెల్లె. ఎవ్వలు పలకలే. నువ్వొక్కదానివే పలికినవ్. ఆగి కొట్టుమంటివి.. కొట్టిన. తాళంచెవి తెస్తున్నరంటివి." కమిలిన పిడికిలి చూసుకున్నాడు. "మల్ల ఎందుకు తేకపోతివి?"

పోసక్క నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

ఇప్పుడు ఆ కేంద్రం నడుస్తోంది. ఊళ్లోకి పోయినప్పుడల్లా సాయన్న నవ్వుతూ పలకరిస్తాడు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. తాళంచెవి తెచ్చామని, తలుపు తీశామని ఆయనకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను.

కానీ.. మేం తీసింది ఏ తలుపని చెప్పను?