కాణిపాకంలో ఛాంపియన్ చేసిన ప్రమాణం

కారు రేసుల్లో గెలిచినవాళ్ల గురించి జనం మాట్లాడితే వేగం గురించే మాట్లాడతారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. బంగారుపాళ్యం హైవే పక్కనున్న నా మెకానిక్ షెడ్డుకు వచ్చే ప్రతి కుర్రాడూ వేగంగానే తోలుతాడు. మా జిల్లా ఛాంపియన్ గొప్పతనం అది కాదు. పక్కనున్నవాడు బ్రేకు తొక్కేదాకా ఆయన తొక్కడు. ఆ సంగతి పక్కవాడికి ముందే తెలుసు. సగం రేసు అక్కడే అయిపోయేది.

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న కుటుంబం ఆయనది. పాత కార్ల లోపలంతా పీకేసి, రేసుకు తగ్గట్టు మార్పించి, చెన్నై వైపు ట్రాకుల మీద తోలేవాడు. చాలా ఏళ్లు ఆయన ఇంజన్లు చూసింది నేనే. మనిషి మహా మర్యాదస్తుడు, గొంతు పెంచి ఒక మాట అనడు. చెన్నై కుర్రాడొకడు ఒక సీజనంతా ఆయన వెన్నంటే వచ్చాడు. చివరి రేసులో మలుపు దగ్గర ఈయన కారు ముందు భాగం వాడి వెనక చక్రం దగ్గర కొద్దిగా ఆనింది. వాడి కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. వాడు బతికాడు గానీ మళ్లీ రేసుకు రాలేదు. తర్వాతి వారం ఛాంపియన్ వాడింటికి బేనిషా మామిడిపళ్ల బుట్ట పంపాడు. బెంగుళూరు నుంచి వచ్చిన ఇంకొకాయనకూ అంతే, ముందు దెబ్బ, తర్వాత పళ్లు. ఆ బుట్టలు నా షెడ్డు ముందే లారీ ఎక్కేవి. పండిన మామిడి వాసన నాకు ఇప్పటికీ పడదు.

అలాంటి మనిషికి ఎదురుగా మా తమ్ముడు దిగాడు. నేను ఇంజను సరిచేశాక కారును ఒక చుట్టు తోలి చూసేది వాడే. "వీనికి చెయ్యి ఉండాదప్పా" అని మొదట మెచ్చుకున్నది ఛాంపియనే. తన పాత కారు వాడికి ఇచ్చిందీ ఆయనే. రేసుల్లో వాడు వెనక దూరంగా ఉన్నన్నాళ్లూ భుజం తట్టేవాడు. దగ్గరికి వచ్చే కొద్దీ మాటలు తగ్గాయి. ఒకసారి నా షెడ్డులో టీ తాగుతూ, "నీ తమ్ముడు ట్రాకు మీద ఆ పెద్ద మలుపులో బ్రేకు యాడ తొక్కతాడప్పా?" అని అడిగాడు.

"వాణ్ణే అడగన్నా" అన్నాను. ఆయన నవ్వాడు.

తర్వాతి రేసులో ఆ పెద్ద మలుపులోనే తమ్ముడి కారును గుద్దాడు.

తమ్ముడి భుజం ఎముక విరిగింది. తిరుపతిలో ఆసుపత్రి మంచం మీద వాడు మూలుగుతుంటే ఛాంపియన్ చూడ్డానికి వచ్చాడు, చేతిలో బుట్ట. మా అమ్మ తోటల్లో కూలికి కాయలు కోసి మమ్మల్ని పెంచిన మనిషి. ఎవరికీ జంకదు.

"ఆ పండ్లు బయట పెట్టు నాయనా. నా బిడ్డను కావాలని గుద్దినావా?"

"రేసులో తగలతాయమ్మా."

"అట్లయితే కాణిపాకానికొచ్చి ఆ మాటే సెప్పు."

మా వైపు ఏ గొడవకైనా అదే చివరి మాట. పొలం గట్టు తగాదా నుంచి మొగుడూ పెళ్లాల అనుమానాల దాకా, ఎక్కడా తేలనివన్నీ అక్కడికి చేరతాయి. స్నానం చేసి, తడి బట్టలతో వినాయకుడి ముందు నిలబడి చెప్పాలి. అబద్ధమాడినా, చేసిన ప్రమాణం తప్పినా స్వామి ఊరుకోడని పుట్టినప్పటి నుంచి వింటున్నాం. పిలిస్తే రానన్నవాడు తప్పు ఒప్పుకున్నట్టే. ఛాంపియన్ మామూలు భక్తుడు కాదు, కొత్త కారు కొంటే కాణిపాకంలో నిమ్మకాయలు తొక్కించనిదే ఇంటికి తీసుకుపోడు. అమ్మ లెక్క అమ్మది. నిజం చెబితే సిగ్గుపడి తల దించుకుంటాడు, అబద్ధం చెబితే స్వామి చూసుకుంటాడు. ఎటు తిరిగినా తన కొడుకు జోలికి రాడు.

తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చాక, భుజానికి కట్టుతోనే వాణ్ణి తీసుకుని వెళ్లాం. ఛాంపియన్ చెప్పిన వేళకే వచ్చాడు. తల మీద నుంచి నీళ్లు కారుతుండగా స్వామి ముందు నిలబడి చేతులు జోడించాడు. గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది.

"కావాలనే గుద్దినాను స్వామీ. ఈ పిల్లోడు మళ్లా నా పక్కన దూరితే మళ్లా గుద్దతాను. ఇదే నా ప్రమాణం."

అమ్మకు దణ్ణం పెట్టి, తడి బట్టలతోనే వెళ్లి కారెక్కాడు.

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. నిజం చెప్పించాలని పిలిచింది, చెప్పాడు. కానీ మళ్లీ గుద్దుతాననే మాటకు దేవుడి ముందే తనను తాను కట్టేసుకుని పోయాడు. ఇప్పుడు ఆయన మనసు మారినా మాట మారకూడదు. బస్సులో వచ్చేటప్పుడు అమ్మ ఒకే మాట అంది: "మనమే సేయిస్తిమి రా." తమ్ముడు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ మురిసిపోతున్నాడు. "సూసినావా అన్నా, నేనంటే ఎంత భయం లేకపోతే అట్లంటాడు?" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

రేసులు మానమని అమ్మ కాళ్లావేళ్లా పడింది. వాడు వినలేదు. భుజం అతుక్కోగానే మళ్లీ పేరిచ్చాడు. నేను ఛాంపియన్ కారు ముట్టడం మానేశాను. తమ్ముడి కారుకు, గుద్దినా తలుపు లోపలికి నొక్కుకుపోకుండా, డ్రైవరు పక్క తలుపు లోపల ఇంకో ఇనుప పైపు అడ్డంగా వెల్డింగ్ చేశాను. బరువు పెరుగుతుందని వాడు తిట్టాడు. నేను వెల్డింగ్ చేస్తున్నంతసేపూ అమ్మ ఆ మంటనే చూస్తూ నిలబడింది. కళ్లు మూసుకోమ్మా అన్నా మూసుకోలేదు.

ఆ రేసు నేను ట్రాకు కంచె పట్టుకుని చూశాను. చివరి చుట్టులో, అదే పెద్ద మలుపులో, తమ్ముడు లోపలి వైపు దూరాడు. ఇద్దరి కార్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఛాంపియన్ స్టీరింగు కొంచెం తిప్పితే చాలు. ఆయన ఇంజను చప్పుడు నాకు మా ఇంట్లో మనిషి దగ్గులా తెలుసు. ఆ చప్పుడు తగ్గింది. ఆయన కారు వెనక ఎర్ర బ్రేకు లైట్లు వెలిగాయి. తమ్ముడు ముందుకు దూసుకెళ్లి గెలిచాడు. ముందుకే చూస్తున్నవాడికి ఆ లైట్లు ఎలా కనిపిస్తాయి?

అందరూ తమ్ముణ్ణి భుజాల మీద ఎత్తుకుంటుంటే ఛాంపియన్ నా దగ్గరికి వచ్చాడు.

"సూసినావా?"

"సూసినానన్నా."

"తలుపుకు కొత్త పైపు కనపడినాది. నా కోసమే కదప్పా ఏసినావు." వెళ్తూ వెళ్తూ, "వానికి సెప్పొద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మళ్లీ రేసుకు రాలేదు. ఓడిపోయి సిగ్గుతో మానేశాడని ఊరంతా అనుకుంది. తమ్ముడు ఇప్పుడు రేణిగుంటలో కుర్రాళ్లకు రేసు డ్రైవింగ్ నేర్పుతున్నాడు. అంత పెద్ద ఛాంపియన్ తనను చూసి ఎలా వణికిపోయాడో వాళ్లకు కథలుగా చెబుతాడు.

వణుకు నిజమే. ఛాంపియన్ ఇప్పుడు హైవే మీద పక్కకు ఒదిగి ఎంత నెమ్మదిగా పోతాడంటే, మామిడికాయల ట్రాక్టర్లు కూడా హారన్ కొట్టి దాటిపోతాయి. లారీ ఎదురైతే కారు ఆపేస్తాడు. మాటిమాటికీ నా షెడ్డుకు వచ్చి బ్రేకులు చూడమంటాడు. బాగున్నాయన్నా అంటే, ఇంకోసారి చూడమంటాడు. గుద్దుతానన్న మాట తప్పినందుకు స్వామి ఏ మలుపులో, ఏ లారీ రూపంలో వస్తాడోనని ఆయన ఎదురుచూపు. ఎంతమందిని గోడకు కొట్టినా హాయిగా నిద్రపోయిన మనిషి, ఒక్కణ్ణి వదిలేసి నిద్ర పోగొట్టుకున్నాడు. నాకు ఆయన మీద జాలి వేస్తుంది, ఆ జాలి మీద నాకే కోపం వస్తుంది.

ఈ మధ్య ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "నన్ను కాణిపాకానికి పిలిపించింది మీ అమ్మే కదప్పా. ఆమె ఒక్కసారి స్వామి కాడికొచ్చి, ఈ మనిషి మాట తప్పింది నా బిడ్డ కోసమే, వదిలెయ్ స్వామీ అంటే సాలు. అడుగుతావా?"

ఆ సాయంత్రం అమ్మకు అంతా చెప్పాను, ఆ ఎర్ర లైట్లతో సహా. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"గుడిలో ఆ మాటంటే నలుగురూ వింటారు. నీ తమ్ముని దాకా పోతాది."

"పోతే ఏమైతాదిమా?"

"తను గెలవలేదని తెలుస్తాది."

"ఆయనకు నిద్ర లేదుమా. సగమైపోయినాడు."

"ఆసుపత్రిలో నాకుండిందా నిద్ర?" అంది. తర్వాత చాలా మామూలుగా, "ఉండనీ. ఇంకోసారి ఈ మాట ఎత్తొద్దు" అని బియ్యం చెరిగింది.

మర్నాడు పొద్దున్నే ఆయన కారు షెడ్డు ముందు ఆగింది.

"ఏమనిందప్పా?"

"బ్రేకులు సూస్తానుండన్నా" అని నేను కారు కిందికి దూరాను. చక్రం పక్కన ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. జవాబు కోసం ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.