పెంచలనరసయ్య పంచనామాలు

ఉదయగిరి దుర్గం పక్కన మొక్కలకు కావలి కాసే పెంచలనరసయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కొండ మీద ఏ మొక్క చచ్చినా, పంచనామా రాయందే దాన్ని పీకనివ్వడు.

పంచనామా అంటే ఆషామాషీ అనుకునేరు. ఐదుగురు సాక్షులు ఉండి తీరాలి. చచ్చిన మొక్క చుట్టూ వాళ్ళను కూర్చోబెట్టి, ఎత్తెంత, ఆకులెన్ని, ఆఖరుసారి పచ్చగా చూసిందెవరు అని ఆరా తీస్తాడు. ఒకసారి సాక్షులు తక్కువై సీతారామపురం బస్సునే ఆపేశాడు. కండక్టరు లబోదిబోమన్నా వినలేదు, డ్రైవరు చేత కూడా సంతకం పెట్టించుకునే పోనిచ్చాడు. ఇంకోసారి పెళ్ళిచూపులకు పోతున్న పెళ్ళికొడుకే దొరికాడు. కానుగ మొక్క ముందు గంటసేపు కూర్చునేసరికి మంచి గడియ కాస్తా దాటిపోయి ఆ సంబంధం తప్పిపోయింది. అతగాడు మాత్రం ఇప్పటికీ నరసయ్య కనిపిస్తే దండం పెడతాడు.

అంతా రాశాక అడుగున 'కారకుడు' అని ఒక గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ ఒకటే పేరు, పెంచలనరసయ్య. మేక మేసినా ఆయనే, ఎండకు మాడినా ఆయనే, పిడుగు పడినా ఆయనే.

ఇవేవీ తెలియకుండా నెల్లూరు నుంచి అశ్విత వచ్చింది. నాటిన అడవి ఎక్కడ బతికింది, ఎందుకు బతికింది అని చూసి రిపోర్టు రాయడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఆత్మకూరు నుంచి ఇక్కడిదాకా ఐదు కొండలు తిరిగింది. ఐదింటికీ కంచె ఉంది, బోర్డు ఉంది, బోర్డు ముందు నిలబడి దిగిన ఫొటోలు ఉన్నాయి. మొక్కలే లేవు. ఆరోది ఈ కొండ. దీనికి కంచే లేదు. బోర్డు గాలికి పడిపోతే ఎవరో కోళ్ళగూడు మీద కప్పుకున్నారు. అయినా పదింట ఎనిమిది మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి. నేలా అదే, వానా అదే. మరెందుకు బతికినట్టు? అది తేలేదాకా అశ్వితకు అన్నం సహించేట్టు లేదు.

అడవి సమితి పెద్ద రాజమోహన్‌కు అలాంటి అనుమానాలేం లేవు. నరసయ్య రాసిన పంచనామాల పుస్తకాన్ని తనే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. రెండు వందల పన్నెండు చావులు, అన్నిటికీ కారకుడు ఒక్కడే, అదీ వాడి చేతిరాతే అన్నాడు. ఈ మనిషిని తీసేసి, కంచె కట్టి, మేకల్ని కొండెక్కకుండా ఆపేస్తే పదికి పదీ బతుకుతాయట. ఆమె ఒక్క సంతకం పెడితే సాయంత్రం మీటింగులో తీర్మానం చేసేస్తారట.

నరసయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమైనా చెప్పుకుంటావా తాతా అని అడిగింది అశ్విత.

"ఏముండాదమ్మా చెప్పేదానికి. నా కావలిలో చచ్చినాయి గదా, నేను చంపినట్టే," అన్నాడు.

అరవై దాటిన మనిషి, ఆ కొండ తప్ప ఇంకో లోకం ఎరగడు. అశ్విత పెన్ను మూత తీసింది గానీ సంతకం పెట్టలేదు. ఇన్ని మొక్కల్ని పొట్టన పెట్టుకున్నవాడి కొండ ఇంత పచ్చగా ఎలా ఉంది? సాయంత్రం దాకా గడువు అడిగి, పుస్తకం చంకన పెట్టుకుని కొండెక్కింది.

పేజీ పేజీకీ మొక్క నాటిన గుంత నంబరు ఉంది. డెబ్బై మూడో గుంతలో చచ్చింది ఉసిరి, మొదటి సాక్షి చెంచమ్మ, వేలిముద్ర. అక్కడికి పోయి చూస్తే ఒకటి కాదు, రెండు ఉసిరి మొక్కలు. చుట్టూ ముళ్ళకంప, మొదళ్ళ దగ్గర తడి. నూట పదో గుంతలో చచ్చింది నర్ది, మొదటి సాక్షి కొయ్య గరిటెలు చెక్కే గోపిక. ఇప్పుడక్కడ నర్ది ఛాతీ ఎత్తుకు లేచింది. చావు రాసిన చోటల్లా కొత్తగా లేచిన మొక్కే అన్నిటికన్నా ఏపుగా ఉంది.

అంతలో చెంచమ్మే మేకల్ని తోలుకుంటూ, చేతిలో నీళ్ళ సీసాతో వచ్చింది. అశ్విత అడిగితే ముందు ఊరికే ఇట్లా వచ్చినానంది. రెండోసారి అడిగేసరికి తల దించుకుంది.

"ఆ ఉసిరిని మేసింది నా మేకే మేడం. ఆయన చూసినాడు. చూసి గూడా నన్నే మొదటి సాక్షిగా కూర్చోబెట్టినాడు. తిట్టినా బాగుండు. నా కళ్ళ ముందరే ఆయన పేరు రాసుకున్నాడు. నా పేరు రాసుంటే మేకల్ని కొండెక్కనిస్తారా? బిడ్డల్ని తీసుకోని ఏ ఊరికో కూలికి పోవాల్సిందే. ఆ పూట నాకు ముద్ద దిగలా. మర్నాడే రెండు మొక్కలు తెచ్చి నాటినాను."

నర్ది మొక్కను గరిటెల కోసం నరికిన గోపికదీ అదే కథంట. అశ్వితకు నవ్వొచ్చింది. ఈ సంగతి చెప్పాలని గబగబా దిగబోయి, చూసుకోకుండా ఒక కానుగ మొక్కను తొక్కేసింది. ఫటుక్కున విరిగింది.

ఎక్కడున్నాడో, నరసయ్య ప్రత్యక్షమయ్యాడు. ఆమె చంకలోని పుస్తకం అందుకుని, చెవి మీది పెన్సిలు తీశాడు. చెంచమ్మ ఉంది, గోపికను కేకేశారు, దారిన పోయే ఇంకొకాయన దొరికాడు, సంతకం ఏమైందో కనుక్కుందామని వచ్చిన రాజమోహన్‌తో నలుగురయ్యారు. మొదటి సాక్షి స్థానంలో అశ్విత. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నరసయ్య ఎత్తు కొలిచాడు, ఆకులు లెక్కపెట్టాడు, కారకుడి గడిలో తన పేరు రాయబోయాడు.

"తాతా, తొక్కింది నేను."

"సాక్షి అడిగినప్పుడే మాట్లాడాలమ్మా," అని రాసేశాడు.

అశ్విత చెవులు ఎర్రబడ్డాయి. రాజమోహన్ మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. ఎందుకో అనుమానం వచ్చి ఆమె పుస్తకం అందుకుని పేజీలు వెనక్కి తిప్పింది. నూట నలభై రెండో గుంత, మద్ది మొక్క, జీపు చక్రం కింద పడినది. మొదటి సాక్షి రాజమోహన్.

ఇప్పుడు ఆ గుంతలో ఏముంది సార్ అని మెల్లగా అడిగింది.

రాజమోహన్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మద్దే. ఆదివారం ఆదివారం నేనే నీళ్ళు పోస్తుండా. ఎవురికీ చెప్పబాకండి."

ఆ సాయంత్రం మీటింగులో తీర్మానం మాట ఎవరూ ఎత్తలేదు. అశ్విత రిపోర్టు పై ఆఫీసుకు పోయింది, నరసయ్య కొండ మీదే ఉన్నాడు. తర్వాత నెల్లూరులో ఆమె ఆఫీసరుకు ఒక సందేహం వచ్చింది. ఉదయగిరి పని అయిపోయింది గదా, సెలవు రోజుల్లో సొంత ఖర్చులు పెట్టుకుని అక్కడికెందుకు పోతున్నావని అడిగాడు.

"అక్కడ నా మీద ఒక కేసు నడుస్తోంది సార్," అంది అశ్విత, నీళ్ళ సీసా బ్యాగులో సర్దుకుంటూ. "వాయిదాకు పోకపోతే బాగుండదు."