పేరు తెలియని మా అమ్మకు పెత్రమాస బియ్యం

మా చిన్నప్పుడు... పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య పొద్దున వరండా కడిగి, ముగ్గు వేసి, చేటలో బియ్యం పోసేవాళ్లు. పప్పు, చింతపండు, దొడ్డుప్పు, గుమ్మడికాయ ముక్క, రెండు బీరకాయలు... చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి ఇవ్వడానికి.

కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్ మాది. నేను ఆ ఇంటికి దత్తత వచ్చాక చూసిన మొదటి పండగ అదే.

"ఇయ్యి ఎవరికమ్మా?" అని అడిగాను.

"మీ తాతలకు బిడ్డా. పైన ఉన్నరు గద... ఇయ్యాల మనింటికొస్తరు" అంది అమ్మ, నాకు జడ వేస్తూ.

పైన ఉన్నవాళ్లు వస్తారన్న మాట పట్టుకుని పొద్దంతా గుమ్మంలోనే నిలబడ్డాను.

అప్పటికి నాకు ఏడేళ్లు ఉంటాయేమో. నేను పుట్టింది చర్ల అవతల, అడవిలో పది గుడిసెల గుంపులో. కన్న తండ్రి నాకు గుర్తు లేడు. ఒక వానాకాలం కన్నతల్లికి చలిజ్వరం వచ్చింది. మంచం మీద మోసుకుంటూ వాగు ఒడ్డు దాకా తెచ్చారు. వాగు పొంగి ఉంది. నీళ్లు తగ్గుతాయని కూర్చున్నారు... నీళ్లు తగ్గే లోపే ఆమె పోయింది. పక్కనే కూర్చుని నేను ఈగలు తోలుతూ ఉన్నాను. పోయిందని నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఏడాదిన్నర పిల్లల హోమ్‌లో ఉన్నాను. అక్కడే తెలుగు వచ్చింది. అక్కడి నుంచే ఈ అమ్మానాన్నలు తెచ్చుకున్నారు. జోగి అనే నా పేరు తీసేసి స్రవంతి అని పెట్టారు. బళ్లో పిల్లలు వెక్కిరిస్తారని అమ్మ భయం... ప్రేమతోనే పెట్టింది.

పండగకు నాలుగు రోజుల ముందు నుంచే నాయనమ్మ నాకు పేర్లు నేర్పింది. మల్లయ్య, రాజవ్వ, వెంకటనర్సయ్య, కొమురమ్మ... తప్పు చెప్తే మళ్లీ మొదటి నుంచి.

"వీళ్లే ఇగ నీ పెద్దలు. మర్చిపోవద్దు" అనేది.

అయ్యగారు మోపెడ్ మీద వచ్చారు. ఇంకా ఎన్నో ఇళ్లు తిరగాలి కాబట్టి అంతా జల్దీ జల్దీ. నాన్న ఒక్కో పేరూ చెప్పి నీళ్లు వదిలాడు. అన్ని పేర్లూ నాకు తెలిసినవే. చివరికి ఆగలేక అడిగేశాను.

"మా అమ్మకు ఇయ్యరా?"

జడ వేసిన అమ్మ అక్కడే ఉంది. ఏ అమ్మ గురించి అడిగానో అందరికీ అర్థమైంది.

"గట్ల ఇయ్యొద్దు" అంది నాయనమ్మ. "ఆ మనిషిది ఏ ఇల్లో, ఏ తెగనో... మన పెద్దల్ల కలపొద్దు."

నాన్న ఎన్నడూ తల్లికి ఎదురు చెప్పేవాడు కాదు. ఆ రోజు చెప్పాడు. "బిడ్డ మనదైనప్పుడు, దాని తల్లి మనకేం కాదానే అమ్మా?"

అమ్మ లోపలికి వెళ్లి ఇంకో చేటలో బియ్యం పోసుకొచ్చింది. అయ్యగారు నా వైపు వంగారు. "పేరు చెప్పు తల్లీ."

"అమ్మ."

"అమ్మ కాదురా... ఆమె పేరు. మీ ఊళ్లె ఆమెను ఏమని పిలిచేటోళ్లు?"

నేను ఆలోచించాను. గుడిసెల్లో అందరూ ఆమెను పిలిచిన తీరు బాగానే గుర్తుంది.

"జోగి వాళ్లమ్మ."

"జోగి ఎవరు?"

"నేనే."

అయ్యగారు నాన్నను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు, "బతికున్న పిల్ల పేరు ఈ వరుసల పలకరాదు. అరిష్టం. అసలు పేరు కనుక్కోండి, వచ్చే ఏడు ఇద్దాం." మోపెడ్ ఎక్కి పక్కింటికి వెళ్లిపోయారు.

రెండో చేట వరండాలోనే ఉండిపోయింది. సాయంత్రం వాకిట్లో ఆడవాళ్లంతా ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని తిరిగింది. చప్పట్లు కొట్టడానికి కూడా చెయ్యి వదల్లేదు.

వచ్చిన వారపు సెలవుకు నాన్న నన్ను తీసుకుని బస్సెక్కాడు. చర్లలో దిగి, ఆటోలో కొంత దూరం, ఆ తర్వాత నడక. వాగు దాటి వెళ్తే గుడిసెలు లేవు. పోడు చేనంతా గడ్డి మొలిచి ఉంది. పక్క ఊళ్లో ఒక ముసలాయన చెప్పాడు.

"ఆళ్లు సరిహద్దు అవతలి నుంచి వచ్చినోళ్లు సారూ. మళ్ల ఎటో పోయిండ్రు. ఎవరి పేరేందో మాకెర్క లేదు."

తిరిగి వచ్చేటప్పుడు నాన్న గట్టు మీద కూలబడి ఏడ్చాడు. గని నుంచి ఒంటి నిండా దెబ్బలతో వచ్చినా ఏడవని మనిషి...

"నిన్ను తెచ్చుకున్ననాడు నీ వయసు అడిగిన, నీ జబ్బులు అడిగిన... మీ అమ్మ పేరు అడగలే బిడ్డా" అన్నాడు.

హోమ్‌లోనూ వెతికాం. రిజిస్టర్‌లో తల్లి పేరు దగ్గర చిన్న గీత ఉంది, అంతే.

నాయనమ్మ పోయింది. రెండేళ్ల కింద నాన్న కూడా పోయాడు. ఇప్పుడు ఆ వరుసలో చివర నాన్న పేరు నేనే చెప్తున్నాను. నా నోటికి వచ్చిన తొమ్మిది పేర్లలో ఏడుగురిని నేను చూడనేలేదు. నన్ను కన్న మనిషి పేరు మాత్రం లేదు. పెద్దవాళ్ల పేర్లు చెప్పించి ఇంకెవరన్నా ఉన్నారా అని అయ్యగారు అడిగినప్పుడు, ఉన్నారనీ అనలేను, లేరనీ అనలేను.

ఇప్పుడు పిల్ల పుట్టగానే కార్డులు, ఫోటోలు, ఫోన్ నిండా వీడియోలు... మా అబ్బాయి హోంవర్క్‌లో వంశవృక్షం గీయమంటే ఒక కొమ్మ ఖాళీగా వదిలి పంపాను.

మీ అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి. ఒక్కొక్కటీ పైకి చదువుకుంటాను... ఏ పేరైనా ఎప్పుడో విన్నట్టు అనిపిస్తుందేమో.