ఒకే సూది స్నేహం

అమ్మానాన్నలు పెట్టిన పేరు పూర్తిగా పలికేవారు ఆ వీధిలో ఒక్కరూ లేరు. పచ్చబొట్లు వేసే ఆమెను చిన్నా పెద్దా అందరూ సూదక్క అనే పిలిచేవారు. పదవీ విరమణ చేసిన పంతులమ్మ ఆమె దుకాణం మెట్టెక్కిన మొదటిసారే దొంగను పట్టడానికి వచ్చినట్టు ఎక్కింది.

కారణం లేకపోలేదు. ఇంట్లో కుట్టుపెట్టెలోని సన్నసూది మాయమైంది. ఎండ మండిపోతున్నా మనవరాలు పొడుగు చేతుల చొక్కా విడవడం లేదు. అనుమానమొచ్చి చెయ్యి పట్టి చూస్తే, మణికట్టు మీద నీలి నక్షత్రం.

"ముగ్గురం సూదక్క దగ్గర ఒకే సూదితో వేయించుకున్నాం, అమ్మమ్మా," అంది పిల్ల గొప్పగా. "వేరే సూది అడిగితే, నీకేదో రోగముందని అన్నట్టేగా! అదేం స్నేహం?"

హెచ్ఐవీ పాఠం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్ల ఆ మాట అనేసరికి పంతులమ్మ ఎండను లెక్కచేయక సూదక్క దుకాణానికి నడిచింది.

"ముగ్గురు పిల్లలకూ ఒకే సూది గుచ్చావా?" అని దుకాణంలో గద్దించింది. సూదక్క వీధి వంక చూసి గబుక్కున తెర దించింది. పంతులమ్మ అనుమానం రెట్టింపైంది.

"మెల్లగానండీ! బయట వింటే నా కొంప మునుగుతుంది."

"మునగనీ."

"మూడూ కొత్తవే. ఒకటే కావాలని పట్టుబట్టారు. కాదంటే ఇంకెవడి దగ్గరికో పోతారు. అందుకే రంగు కలిపే వంకన ఇటు తిరిగి మార్చేశాను. మా తమ్ముడు స్నేహితులతో పంచుకున్న సూదితోనే ఆ జబ్బు తెచ్చుకుని పోయాడు. వద్దంటే పిరికివాడంటారని నోరు మెదపలేదు. అలాంటి పని నేను చేస్తానా?"

"ఏదీ, నా ముందు మార్చు."

సూదక్క మార్చింది. పరీక్షల్లో చీటీలు పట్టిన కళ్ళు కూడా ఆ మార్పును పట్టలేకపోయాయి. పంతులమ్మ ఊపిరి పీల్చుకుంది, మరుక్షణమే మండిపడింది.

"ఎంత పని చేశావే! ఒకే సూదితో ఏమీ కాదని వాళ్ళకు నువ్వే నేర్పావు. మా ఇంట్లో సూది పోయింది, తెలుసా?"

సూదక్క చేతిలోని సూది పక్కన పెట్టేసింది. "జట్టులోకి కొత్త పిల్ల వచ్చిందన్నారు, తనకూ నక్షత్రం వేయాలట..."

పంతులమ్మ పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. మనవరాలి సంచిలో మూత విప్పని సిరాసీసా, చేతిరుమాలులో చుట్టిన సూది దొరికాయి. ఇంకా ఎవరికీ గుచ్చలేదు. ఈ సూదిని దాచవచ్చు. లోకంలోని సూదులన్నీ దాచడం ఎవరి తరం?

సాయంత్రం సూదక్క వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"నలుగురినీ రేపు రమ్మన్నానండీ. చేసిన మోసం వాళ్ళకు చెప్పేస్తాను. కానీ ముందు కుర్చీలో మీరు కూర్చోవాలి. 'కొత్త సూదేనా? నా కళ్ళ ముందు విప్పు' అని అడగాలి. నేను నవ్వుతూ విప్పుతాను. అడిగితే ఎవరి పరువూ పోదని పిల్లలు చూడాలి."

"ఈ వయసులో నాకు పచ్చబొట్టా!"

"చిన్న చుక్క చాలండీ." సూదక్క వెళ్ళబోతూ ఆగింది. "ఒక్కటే మాట, పంతులమ్మగారూ. నటించకండి. నన్ను నిజంగానే అనుమానించండి."